ఎనిమిదో కుర్చీ నొప్పిగారిది

అవధానం మధ్యలో అవధాని ఠక్కున నోరు మూసుకుంటే జనం ఏమనుకుంటారు? పద్యం కోసం తడుముకుంటోందనుకుంటారు. పొన్నూరు కల్యాణమండపంలో ఆ సాయంత్రం అందరూ అలాగే అనుకున్నారు. దమయంతి సమస్యకి మూడో పాదం ఎత్తుకుని, సగంలో ఆగి, కుడి చెంప మీద అరచెయ్యి పెట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. ముందు వరసలో ఒకాయన, ఆహా ఎంత ఏకాగ్రత అని పక్కాయన చెవిలో మెచ్చుకున్నాడు కూడా. ఏకాగ్రతా పాడా! ఆవిడ చెంపలో ఎవరో కరెంటు తీగ పెట్టి లాగుతున్నట్టుంది.

అవధానం ఎప్పుడూ చూడని వాళ్లుంటే వాళ్లకో మాట. వేదిక మీద అవధాని ఒక్కరు, చుట్టూ ప్రశ్నలడిగే వాళ్లు ఎనిమిది మంది. ఒకరు ఫలానా అక్షరం వాడొద్దంటారు, ఒకరు అర్థంలేని పాదమొకటి సమస్యగా ఇచ్చి దానికి అర్థం తెప్పించమంటారు, ఇంకొకరు తోచినప్పుడల్లా గంట కొట్టి, ఆఖర్న ఎన్ని కొట్టానో చెప్పమంటారు. పద్యాలన్నీ వంతులవారీగా ఒక్కో పాదం చొప్పున చెబుతూ పోవాలి. నాలుగు వంతులూ అయ్యాక కాగితం ముక్క లేకుండా అన్నిటినీ మొదటినించీ అప్పజెప్పాలి. దాన్ని ధారణ అంటారు. ధారణ కుదరకపోయిందా, అంతసేపూ ఎంత గొప్పగా చెప్పినా పెళ్లంతా జరిగి తాళి కట్టకుండా లేచిపోయినట్టే. ఇక ఎనిమిదో కుర్చీ అప్రస్తుత ప్రసంగానిది. అందులో కూర్చున్నవాడి పనల్లా, అవధాని పద్యం అల్లుకుంటున్న సమయం చూసి పొంతనలేని ప్రశ్న విసరడమే. దానికి నవ్వొచ్చేలా జవాబు చెప్పి మళ్లీ పద్యం దగ్గరికి రావాలి.

దమయంతి సభల్లో ఆ కుర్చీ ఎప్పుడూ లింగమూర్తి మాష్టారిదే. రిటైరైన హెడ్మాస్టరు, ఆవిడ నాన్నకి స్నేహితుడు, పుట్టుకతోనే అప్రస్తుతం. ఆ రోజు కూడా ఆవిడ పద్యానికి తడుముకుంటోందనుకుని, కాస్త వ్యవధి ఇద్దామని, మీ ఇంట్లో దోమలు పద్యం పాడతాయా వచనం చదువుతాయా అని అడిగాడు. ఆవిడ జవాబు చెప్పబోయింది. పెదవి కదలగానే తీగ మళ్లీ లాగింది. కళ్లలోంచి నీళ్లు జలజలా కారాయి.

సంగతి కనిపెట్టింది ఒక్క పానకాలరావే. ఆయన దమయంతి భర్త. మంగళగిరిలో మైకు సెట్లు అద్దెకిచ్చే దుకాణం ఆయనది. పాతికేళ్ల కిందట ఆవిడ మొదటి అవధానానికి మైకు పెట్టడానికొచ్చి, ఆవిడనే కట్టుకున్నాడని ఊళ్లో ఇప్పటికీ ఆట పట్టిస్తారు. ఆవిడ గొంతు ఎక్కడ లేస్తుందో ఎక్కడ దిగుతుందో ఆయన వేళ్లకి కంఠతా వచ్చు. ఆ క్షణాన మైకు కట్టేసి, వేదిక ఎక్కి, భుజం పట్టుకుని ఆవిడని లోపలికి తీసుకెళ్లిపోయాడు. ధారణ జరగకుండా దమయంతి సభ ముగియడం అదే మొదటిసారి.

అది ముఖం నరానికి వచ్చే జబ్బని గుంటూరు డాక్టరు తేల్చాడు. గాలి తగిలినా, నమిలినా, మాట్లాడినా నరం మండిపోతుంది. ప్రాణానికి ముప్పు లేదు, ప్రాణం ఉన్నంతకాలం పోనూ పోదు అని చెప్పి మాత్రలు రాసిచ్చాడు. మాత్రలకి నొప్పి భేషుగ్గా తగ్గింది. తగ్గితే ఏం లాభం? జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే మనిషి, పాతికేళ్లుగా చెబుతున్న పాఠంలో పద్యం మొదలుపెట్టి మూడో పాదం దొరక్క బోర్డు వైపు తిరిగి నిలబడిపోయింది. బుర్రలో పొగమంచు పట్టినట్టుందని ఇంటికొచ్చి ఏడ్చింది. ఆపరేషనూ ఉందన్నారు గానీ, దాంతో సగం మొహం మొద్దుబారొచ్చట, మాట ముద్దయిపోవచ్చట.

మాత్ర వేసుకుంటే మాటుంటుంది, ధారణ ఉండదు. మానేస్తే ధారణ ఉంటుంది, మాటుండదు. దమయంతి మాత్రలే మానేసింది. పద్యాలు పోవడం కంటే మాట పోవడం నయమనుకుంది పిచ్చిది. ఎండాకాలంలో ఇంట్లో ఫ్యాను తిరగడం మానేసింది. పానకాలరావు చెమటలు కక్కుతూ కూర్చునేవాడే తప్ప స్విచ్చు వైపు చూసేవాడు కాదు. ఆవిడకి మెత్తటి జావలు కాచి పెడుతూ, పక్కన కూర్చుని తనూ అవే తాగేవాడు. ఇద్దరూ సైగలతోనే కాపురం చేసేవాళ్లు. ఊరంతటికీ మైకులిచ్చే ఇంట్లో మాట వినపడడం మానేసింది.

అప్పుడు తగిలింది డాక్టర్ ఎస్తేరు. చీరాల పిల్ల, పెద్ద చదువులు చదివి, మంగళగిరి కొండకి అవతల కొత్తగా కట్టిన పరిశోధనశాలలో నొప్పుల మీద పని చేస్తోంది. మందు లేకుండా నొప్పి తగ్గించే యంత్రమొకటి తయారుచేసింది. దానికి ఊరట అని పేరు పెట్టింది. నుదుటికి గుడ్డపట్టీ, వేళ్లకి తొడుగులు, ఎదురుగా తెర. అంతే దాని హంగు.

ఎస్తేరు పట్టీ బిగిస్తూ చెప్పింది, నొప్పి చెంపకి రాకముందే నరంలో చిన్న అలజడి పుడుతుందట. అది మనకి తెలీదు, పట్టీకి తెలుస్తుంది. తెలియగానే టింగ్‌మని మోగుతుంది. మోగగానే దమయంతి తనకి ప్రాణమైన జ్ఞాపకంలోకి వెళ్లిపోవాలి. ఆ జ్ఞాపకం మెదడులో ఎక్కడ వెలిగిందో పట్టీ కనిపెట్టి, చీమ కుట్టినంత కరెంటుతో దాన్ని ఎగదోస్తుంది. అప్పుడది జ్ఞాపకంలా ఉండదు, ఎదుటే జరుగుతున్నట్టుంటుంది. అలజడి చల్లారిపోతుంది.

ఏ జ్ఞాపకం అని ఆలోచించే పని దమయంతికి లేదు. వాళ్ల నాన్న చేబ్రోలులో పోస్టుమాన్. సెలవుల్లో పిల్లని సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, కాలవ కట్ట మీద ఊళ్లు తిరుగుతూ, తొక్కుడుకో గణం చొప్పున పద్యాలు నేర్పాడు. పద్యం మూడో పాదంలోకి వచ్చేసరికి కల్వర్టు ఎత్తు వచ్చేది. నాన్న లేచి నిలబడి తొక్కేవాడు. ఊపిరందక అక్కడ రాగం కాస్త సాగేది, మళ్లీ పల్లంలో జారేది. ఆయన పోయి చాన్నాళ్లయింది.

మొదట్లో ఒక చిక్కొచ్చింది. పట్టీ తియ్యగానే దమయంతి "ఇరవై మూడు" అంది. ఏమిటని ఎస్తేరు అడిగితే, గంటలు అంది. ఎన్ని సభల అలవాటది! ఎక్కడ గంట మోగినా, అది గుడిలోదైనా ఐసు బండిదైనా, లోపల ఒక మూల లెక్క దానంతటది సాగిపోతుంది. ఎస్తేరుకి నవ్వొచ్చింది, ఆ వెంటనే చిరాకూ వచ్చింది. లెక్కపెడితే దృశ్యంలో పూర్తిగా మునగరు మేడం, ఆ పూట పరీక్ష చెడిపోయినట్టే అని మందలించింది. అలా చెడిపోయిన పరీక్షలన్నీ ఒక పక్కన పడేసింది. దమయంతి బుద్ధిగా లెక్క మానుకుని నాన్న సైకిలెక్కి మునిగిపోవడం నేర్చుకుంది.

నొప్పి పోయింది. తగ్గడం కాదండీ, పోవడం! నుదుటి పట్టీతోనే ఇంటికొచ్చి అప్పడం కొరికింది. ఆ కరకర విని పానకాలరావు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ స్విచ్చు దగ్గరికి నడిచి ఫ్యాను వేసింది. గాలి చెంపకి తగులుతుంటే కళ్లు మూసుకుని నిలబడింది, టింగ్‌మంది, నాన్న సైకిలెక్కింది, దిగింది. ఏమీ కాలేదు. ఆయన ఫ్యాను రెక్కల వంక చూస్తూ ఉండిపోయాడు. ఆ వారమే లింగమూర్తి మాష్టారు మంగళగిరిలో సభ ఏర్పాటు చెయ్యడానికి జనాన్ని కూడగట్టడం మొదలుపెట్టాడు.

కాలేజీలో ఒకరోజు ఆవిడ పిల్లలకి ఉత్పలమాల నడక చెబుతోంది. మా నాన్న ఎలా చదివేవారో వినండి అని నోరు తెరిచింది. రాలేదు. పద్యం వచ్చింది, నాన్న రాలేదు. కడ్డీ ఉంది, కాలవ ఉంది, నాన్న పెదవులు కదులుతున్నాయి, గొంతు మాత్రం లేదు. మైకు కట్టేసినట్టుంది. కాకీ సంచి వాసన కోసం వెతికింది, అదీ లేదు. కల్వర్టు దగ్గర రాగం సాగేదని తెలుసు, ఎలా సాగేదో తెలీదు. ఎవరో చెబితే విన్న సంగతిలా ఉంది మొత్తం. దమయంతి స్టాఫ్ రూములోకి వెళ్లి కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నాన్న పోయిన రోజున కూడా అంత ఏడవలేదు, ఆ రోజున గొంతైనా మిగిలింది కదా.

అటునించి అటే పరిశోధనశాలకి వెళ్లి పట్టీ బల్ల మీద పడేసింది. నీ యంత్రం మా నాన్నని తినేసిందంది. ఎస్తేరు అలా జరగదని నచ్చజెప్పబోయింది. జ్ఞాపకాన్ని వాడితే గట్టిపడుతుందే గానీ అరగదు, పుస్తకాలన్నీ అదే చెబుతున్నాయి, పైగా అందరికంటే ముందు తన తలనొప్పి మీదే వాడి చూసింది, తనకేమీ కాలేదు. దమయంతి ఆ పిల్ల మొహంలోకి సూటిగా చూసింది.

"నువ్వే జ్ఞాపకం వాడావమ్మాయ్?"

క్రిస్మస్‌కి వాళ్లన్నయ్య డాబా మీద కట్టిన నక్షత్రం, అని ఎస్తేరు గబగబా చెప్పడం మొదలుపెట్టింది. అన్నయ్య ఆ మరుసటేడే పోయాడు. వెదురుబద్దలతో కట్టాడు, లోపల బల్బు పెట్టాడు. రంగు కాగితం అంటించాడు. ఏ రంగు? ఎస్తేరు ఆగింది. ఎరుపని చెప్పింది, కాదేమో అంది, కళ్లు మూసుకుంది, తెరిచింది. అన్నయ్య మొహం ఎటు తిరిగి ఉందో కూడా చెప్పలేకపోయింది. కొరివితో తల గోక్కున్నానని అప్పుడు అర్థమైంది పాపం. తల బల్లకి ఆనించుకుంది. దమయంతి కోపమంతా ఎటు పోయిందో పోయింది. ఆ పిల్ల పక్కన కూర్చుని వీపు నిమిరింది.

ఎస్తేరు ఆ పూటే యంత్రం ఆపించింది. వాడుతున్న వాళ్లందరినీ పిలిచి, ఒక్కొక్కరికీ జరిగింది దాచకుండా చెప్పింది. ఒకాయనకి కూతురి తప్పటడుగులు పోయాయి, ఒకావిడకి పుట్టింటి పెరడు పోయింది. తిట్టినవాళ్లు తిట్టారు. కొందరు మాత్రం, పోతే పోయింది, నొప్పి లేదు చాలు, మళ్లీ పెట్టమన్నారు. ఆ మాటే ఎస్తేరుని ఎక్కువ బాధపెట్టింది.

దమయంతి ఇంట్లో మళ్లీ ఫ్యాను ఆగింది. మళ్లీ జావలు, మళ్లీ సైగలు. సభ రద్దు చెయ్యమని పానకాలరావుతో కబురు పంపింది. కబురందుకున్న లింగమూర్తి మాష్టారు ఊరుకునే ఘటమా, మర్నాడు పొద్దున్నే కాఫీ వేళకి దిగిపోయాడు. పరామర్శ మాట ఒక్కటీ ఎత్తలేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు సవరించుకుని, సభలో అడిగినట్టే అడిగాడు.

"అవధాని గారూ, తమ చెంపలో కాపురమున్న పెద్దమనిషికి పెళ్లయిందా?"

దమయంతికి నవ్వు ఆగలేదు. నవ్వితే నరం ఊరుకుంటుందా, తీగ లాగనే లాగింది. కానీ పాతికేళ్ల అలవాటు, ప్రశ్న పడ్డాక జవాబు చెప్పకుండా ఉండడం ఆవిడ వల్ల కాదు. చెంప పట్టుకునే, పళ్ల మధ్యనించే చెప్పింది, "ఇంకా కాలేదు మాష్టారూ. అయ్యుంటే ఇంత గట్టిగా అరిచే ధైర్యం ఎక్కడిదీ?"

పానకాలరావు కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. మైకు మనిషి కదా, ఏం జరిగిందో ఆయన చెవికి ముందు తెలిసింది. వాక్యం మధ్యలో నొప్పి వచ్చింది, గొంతు వణికింది, అయినా వాక్యం తెగలేదు. జబ్బొచ్చాక మాత్రా యంత్రమూ లేకుండా ఆ ఇంట్లో తెగకుండా పూర్తయిన మొదటి వాక్యం అది. ఆ మాటే భార్యతో అన్నాడు. దమయంతి తెల్లబోయి చూసింది. నొప్పి రాకపోలేదు, వచ్చింది. దానికోసం ఆగి ఎదురుచూడలేదంతే. లింగమూర్తి మాష్టారు కాఫీ అందుకుంటూ తాపీగా అన్నాడు.

"ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారైనా నోరుమూసుకోమన్నావటమ్మా? నా నోరు మూయించాలని చూస్తే నీ పద్యమెప్పుడు చెబుతావు?"

ఆ మాట దమయంతి గుండెల్లో గుచ్చుకుంది. ఊరటతో ఆవిడ చేసిందేమిటి? నొప్పి నోరు మూయించడానికి నాన్నని ఖర్చుపెట్టింది. ఎనిమిదో కుర్చీవాణ్ణి మెడపట్టి గెంటడానికి ఇంట్లో వెండి సామాను తెగనమ్మినట్టయింది. గెంటాలని ఎవరన్నారు? సభలో అవధాని ఎప్పుడూ ఆ పని చెయ్యదు. వాడి మాట విని, వాడికో మాట విసిరి, తన పాదం దగ్గరికి తను వస్తుంది. అప్పుడే ఆవిడకి ఆ పాత గంటలు గుర్తొచ్చాయి. చెప్పులేసుకుని పరిశోధనశాలకి బయల్దేరింది.

లెక్కపెట్టి పాడుచేసిన పరీక్షలు చూడమ్మాయ్, అవి ఉన్నాయా పారేశావా అని అడిగింది. పారెయ్యలేదు. ఎస్తేరు వాటిని తెర మీదికి తెచ్చి చూస్తూ చూస్తూ కుర్చీ ముందుకు లాక్కుంది. ఆ పూటల్లో నరం మామూలుగానే మండింది. కానీ మెదడులో భయం వెలిగే చోట దీపం లేదు. అమ్మో వస్తోంది వస్తోంది అనే కంగారు లేకపోయేసరికి, మంట వచ్చిన దారినే పోయింది. పైగా ఆ పూటల్లో జ్ఞాపకం జోలికి పట్టీ పోనేలేదు, ఎందుకంటే ఆవిడ పూర్తిగా అందులో మునగనే లేదు. ఏ మూలైతే గంటలు లెక్కపెడుతోందో ఆ మూలకి నొప్పి అంటలేదు. చెడిపోయినవని తను పక్కన పడేసినవే మంచివని ఎస్తేరు ఒప్పేసుకుంది. తప్పు ఒప్పుకోవడంలో ఆ పిల్ల బింకం పోదు, అది మెచ్చుకోవలసిన సంగతి.

కరెంటు ఎగదోత తీసేశారు. టింగ్ మాత్రం ఉంచారు. కొత్త సాధన మొదలైంది. టింగ్‌మనగానే దమయంతి నొప్పిని ఎనిమిదో కుర్చీలో కూర్చోబెట్టాలి. దానికి ఏదో ఒక వేషం వెయ్యాలి, అదీ అప్పటికప్పుడు పుట్టించింది. దానికో మాట చెప్పి, చేస్తున్న పని వదలకుండా కొనసాగించాలి. జ్ఞాపకాలు వాడకూడదు, నిన్నటి వేషం ఇవాళ వెయ్యకూడదు. ఎస్తేరుకి ఇది ఒక పట్టాన అర్థం కాలేదు. అంత తేలిక బొమ్మలు అంత పెద్ద నొప్పిని ఆపుతాయా అంది.

"నాన్న జ్ఞాపకం వెండి కంచం లాంటిది ఎస్తేరూ. రోజూ తోమితే అరిగింది. ఇవి విస్తరాకులు. తిన్నాక పారెయ్యడమే, అరిగేందుకేముంది?"

చెప్పినంత సులువుగా జరిగిందా అంటే, లేదు. మొదట్లో టింగ్‌మంటే బుర్ర ఖాళీ అయిపోయేది, చెంప మండిపోయేది. చాలాసార్లు పట్టీ విసిరికొట్టి ఇంటికెళ్లిపోయింది. పాత అలవాటుగా సైకిలు కడ్డీ మీదికి చెయ్యి చాచేది, అక్కడ గొంతులేని నాన్నని చూసి ఇంకా బాధపడేది. మెల్లగా వేషాలు పుట్టడం మొదలైంది. ఒకసారి నొప్పి పెళ్లివంటవాడై, ఇంకో డబ్బా నెయ్యి కావాలని గుమ్మంలో కేకలేశాడు. ఒకసారి అద్దెకిచ్చిన మైకు పాడుచేసి తెచ్చి, నేను ముట్టుకోలేదని దబాయించే మనిషయ్యాడు. ఆ వేషం విని పానకాలరావు పడీ పడీ నవ్వాడు. తెర మీద మంట లేస్తూనే ఉంది. కానీ ఎత్తు తగ్గింది, నిలిచే సేపూ తగ్గింది. ఎందుకొస్తావో రా, నీకోసం పని ఆపేది లేదని నరానికే చెప్పినట్టయింది.

మిగతావాళ్లకి అవధానం రాదు కదా, వాళ్లెలా అన్నది ఎస్తేరు బెంగ. వాళ్లకొచ్చింది వాళ్లు చేశారు. కూతురి తప్పటడుగులు పోగొట్టుకున్నాయన ఆర్టీసీ డ్రైవరు. టింగ్‌మనగానే నడుమునొప్పిని ఆఖరి సీట్లో కూర్చోబెట్టి, స్టాపు రాలేదు కూర్చోవయ్యా అని బండి పోనిచ్చేవాడు. ఎస్తేరు తన తలనొప్పికి రోజుకో రంగు నక్షత్రం కొత్తగా కట్టుకునేది. అన్నయ్య నక్షత్రం తిరిగి రాదు. ఆ సంగతి తెలిసే కట్టుకునేది.

సభ మంగళగిరిలోనే పెట్టారు. రద్దయిన సభ మళ్లీ జరుగుతోందంటే పొన్నూరు నించి కూడా జనం కదిలొచ్చారు. వేదిక మీద ఏడుగురు కూర్చున్నారు. ఎనిమిదో కుర్చీలో మనిషి లేడు, చిన్న పెట్టె ఉంది. దమయంతి నుదుటి పట్టీకీ ఆ పెట్టెకీ, పెట్టెకీ హాల్లో స్పీకర్లకీ పానకాలరావు తీగలు కలిపాడు. మోగితే అందరికీ వినపడాలని ఆవిడ పట్టుబట్టింది. దాచుకుని పడే నొప్పి కంటే నలుగురిలో కూర్చున్న నొప్పి మర్యాదగా ఉంటుందని ఆవిడ నమ్మకం. తన కుర్చీ లాక్కున్నారని లింగమూర్తి మాష్టారు కాసేపు అలిగి, టింగుల లెక్క తనకప్పగిస్తే శాంతించాడు. మోగినప్పుడల్లా ఒక చింతపిక్క ఇత్తడి గ్లాసులో వెయ్యాలి. ఆఖర్న దమయంతి చెప్పే లెక్క దాంతో సరిపోవాలి. ఎస్తేరు ముందు వరసలో గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది.

"సభకి నమస్కారం. ఇవాళ అప్రస్తుత ప్రసంగం నా చెంపది. చాలా అనుభవమున్న వ్యక్తి, కాస్త ఓపిక పట్టండి," అంది దమయంతి. జనం నవ్వారు.

మొదటి రెండు వంతులూ దివ్యంగా నడిచాయి. టింగ్‌మంటే ఓ మాట విసరడం, పాదం పూర్తిచెయ్యడం. ఒకసారి, చిల్లర లేదు, దిగేటప్పుడిస్తానంది. ఇంకోసారి, వడ్డన ఇంకా రాలేదు, విస్తరి ముందు కూర్చో నాయనా అంది. చప్పట్లు. గ్లాసులో పిక్కలు పడుతూనే ఉన్నాయి. ఎవరికీ నొప్పి సంగతే గుర్తులేదు, ఆవిడ ఏమంటుందా అన్నదే గుర్తుంది.

మూడో వంతులో సమస్య వచ్చింది. పొన్నూరులో ఆగింది సరిగ్గా ఇక్కడే. ఆవిడ మూడో పాదం ఎత్తుకోగానే టింగ్, టింగ్, టింగ్ అని పెట్టె ఆగకుండా మోగింది. మొహం తెల్లబడింది. చెయ్యి చెంప మీదికి లేచింది. వేషం తట్టలేదు, మాట తట్టలేదు, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. పానకాలరావు వేళ్లు మైకు స్విచ్చు మీదికి వెళ్లాయి. నొక్కితే అయిపోతుంది, లోపలికి తీసుకెళ్లిపోవచ్చు. ఆవిడ ఆయన వైపే చూస్తోంది. ఆయన స్విచ్చు మీదనించి చెయ్యి తీసి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

దమయంతి కళ్లలో నీళ్లతోనే ఎనిమిదో కుర్చీ వైపు తిరిగింది.

"ఏమయ్యా, ఒక్కడివే వస్తావనుకుంటే కుటుంబంతో సహా దిగావే! సరే, అందరూ కూర్చోండి. ఇంకో పాదం ఉంది, వినే పోండి."

హాలు గొల్లుమంది. ఆ నవ్వులోనే ఆవిడ పాదం అందుకుంది. పెట్టె మోగుతూనే ఉంది, గొంతు వణుకుతూనే ఉంది, పాదం మాత్రం చివరిదాకా వెళ్లింది. ఎస్తేరు లేచి నిలబడి చప్పట్లు కొడుతోందని ఆ పిల్లకే తెలీదు.

నాలుగో వంతూ అయింది. ధారణ మొదలైంది. వేదిక మీద కాగితం లేదు, పొగమంచు లేదు, మాత్ర లేదు. మొదటి పద్యం అప్పజెప్పింది, రెండోది, మూడోది. మధ్యమధ్య టింగ్‌మంటే ఒక్క చూపు చూసి ముందుకి పోయింది. సమస్య పద్యం ఆఖర్న ఎత్తుకుంది. మొదటి పాదం నించి నాలుగో పాదం దాకా ఒక్క అక్షరం తొట్రుపడకుండా చెప్పి చేతులు జోడించింది. పొన్నూరు బాకీ ఆ క్షణాన తీరింది. జనం లేచి నిలబడ్డారు.

టింగులు నలభై ఒకటి అని ఆవిడ చెప్పింది. లింగమూర్తి మాష్టారు గ్లాసు వంచి పిక్కలు లెక్కపెట్టాడు. నలభైయే ఉన్నాయి. పెట్టెలో నమోదైన లెక్క చూస్తే ఆవిడ చెప్పినట్టే నలభై ఒకటి. మాష్టారు ఆ పిక్క ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు. అప్రస్తుతం తప్ప ఎరగని మనిషి, మొదటిసారి ప్రస్తుతం మాట్లాడాడు.

"వెయ్యడం మర్చిపోయానమ్మా. ఆఖరి పద్యం మూడో పాదంలో మీ నాన్న వచ్చాడనుకున్నాను."

దమయంతికి అర్థం కాలేదు. తనకి పోయిన గొంతు ఈయనకెక్కడ వినిపించింది? పెద్దాయన ఏదో ప్రేమకొద్దీ అంటున్నాడనుకుంది. పానకాలరావు తన మైకు యంత్రాల దగ్గరికి నడిచాడు. సభలన్నీ రికార్డు చెయ్యడం ఆయనకి అలవాటే. ఆఖరి పద్యం దగ్గరికి వెనక్కి తిప్పి స్పీకర్లలో వదిలాడు.

ఆవిడ గొంతే. మొదటి పాదం చదునుగా సాగింది, రెండోది సాగింది. మూడో పాదం మధ్యలో టింగ్‌మంది. అక్కడ గొంతు కాస్త బరువెక్కి, ఊపిరి పట్టి, రాగం సాగదీసి, ఎత్తు దాటాక నాలుగో పాదంలోకి జారింది. దమయంతి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. కల్వర్టు! నాన్న లేచి నిలబడి తొక్కిన చోటు అదే. తలలో దాచుకున్న నాన్నని యంత్రం అరగదీసింది గానీ, ఆ కడ్డీ మీద కూర్చుని నేర్చుకున్న నాన్న ఎప్పుడో గొంతులోకి దిగిపోయాడు. పాతికేళ్లుగా ప్రతి సభలో ఆయనే పాడుతున్నాడు, తను లోపలెక్కడో వెతుక్కుంటోంది. ఆవిడకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. చెంపలో టింగ్‌మంది. ఆవిడ ఎనిమిదో కుర్చీ వైపు చూసి, వింటున్నావా, మా నాన్న అంది.

వేదిక మీద ఫ్యాను రయ్యిమని తిరుగుతోంది. దాని గాలికి ఆవిడ చెంప మీది జుట్టు ఎగురుతోంది. ఆవిడ దాన్ని చెవి వెనక్కి తోసుకుని భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, మూడో పాదం ఇంకోసారి వెయ్యండి."